ఎర్మెలిందా కొలిచిన నీళ్ళు

మా సాన్ హసింతోలో ఎర్మెలిందా మానుయేలెస్ ఎవరని అడిగితే రొట్టెలు చేసే మెలీ కదా అంటారు. పైపులు బాగుచేసే మెలీ అని కూడా అంటారు. నన్నడిగితే మాత్రం నన్ను ఓడించిన మనిషి అంటాను. నలభై ఏళ్ళు బళ్ళో లెక్కలు చెప్పినవాణ్ణి నేను. ఇప్పటికీ దారిలో కనబడితే ముసలివాళ్ళు సైతం టోపీ తీసి "మాస్టారూ" అంటారు. ఊరి నీళ్ళ కమిటీకి ఇరవై ఏళ్ళుగా కార్యదర్శిని. అలాంటి నన్ను మూడూళ్ళ జనం చూస్తుండగా ఒక పిండిముద్దతో ఓడించింది. ఆ సంగతి చెప్పుకుంటే నాకు చిన్నతనం కాదు. గర్వంగానే ఉంటుంది.

మెలీ నా దగ్గరే చదివింది. చదివింది అనడం పెద్ద మాట. మూడో తరగతి సగంలో మానేసింది. వాళ్ళమ్మకు నడుము పడిపోతే మొక్కజొన్నలు రుబ్బడానికి ఇంట్లో మరో మనిషి లేదు. ఆ ఏడు లెక్కల్లో ఆమెను ఫెయిల్ చేసింది కూడా నేనే. హాజరు లేదని చేశాను గానీ తెలివి లేదని కాదు. ఈ తేడా ఆ పిల్లకు చెప్పాల్సింది. చెప్పలేదు.

తొమ్మిదేళ్ళ వయసు నుంచి పెనం ముందు కూర్చుంది. తెల్లారేసరికి మూడు వందల రొట్టెలు కాల్చి బుట్టలో గుడ్డ కప్పి ఇంటింటికీ వేసేది. చేత్తో తట్టిన రొట్టె ఒక్కటి కూడా పక్కదానికంటే లావుగా ఉండేది కాదు. పెళ్ళయింది, ఇద్దరు ఆడపిల్లలు పుట్టారు, మొగుడు బొప్పాయి తోటల్లో పనికని సముద్రం వైపు వెళ్ళి అక్కడే ఇంకో సంసారం పెట్టాడు. ఆమె దాని గురించి ఒక్క మాటే అనేది. "వెళ్ళేటప్పుడు పెనం వదిలేసి వెళ్ళాడు. అంతవరకు మంచివాడే."

ఆమె పైపుల్లోకి రావడం కూడా విచిత్రమే. మా ఊరి ఫిట్టరు ఆదివారాలు తాగేవాడు. ఒకసారి ఊరి దేవత ఉత్సవం ఆదివారమే వచ్చింది. గుడి ముందు పెద్ద పైపు పగిలింది. ఊరేగింపు పల్లకీ మోసేవాళ్ళు మోకాళ్ళ లోతు బురదలో దిగబడ్డారు. అందరూ కేకలు వేస్తుంటే మెలీ చెప్పులు విప్పి గోతిలోకి దిగింది. ఎవరిదో సైకిల్ ట్యూబు కోయించి, తన పైటగుడ్డ దాని మీద చుట్టి, తాడుతో బిగించి లేచింది. నీళ్ళు ఆగాయి. అప్పుడు మేయరుగా ఉన్న రోసెందో గారు, "ఇంకొకరు దొరికేదాకా నువ్వే చూడమ్మా" అన్నాడు. మినిట్స్ పుస్తకంలో "తాత్కాలికంగా" అని నేనే రాశాను. ఆ తాత్కాలికం పదకొండేళ్ళు నడిచింది. ప్రతి జనవరిలో బడి హాల్లో ఇంటికొకరు చొప్పున కూర్చుని, చేతులెత్తి ఆమెనే మళ్ళీ ఫిట్టరుగా పెట్టుకునేవాళ్ళం.

తర్వాత మూడేళ్ళు వరుసగా వానలు లేవు. మా ఊటలన్నీ సన్నబడ్డాయి. పెద్ద ఊట ఒకటే మిగిలింది, ఒకొతాల్ కొండ మీద. ఆ కొండా, దాని పైనున్న అడవీ పక్క ఊరు హిగేరాస్ మున్సిపాలిటీ హద్దుల్లో ఉన్నాయి. పైపు వేయాల్సిన దారి ఇంకో పక్క ఊరు ఎల్ తబ్లోన్ పొలాల్లోంచి పోవాలి. పని చేసే చేతులూ, సిమెంటు మోసే కంచరగాడిదలూ ఎక్కువున్నది మా సాన్ హసింతోలో. ఒక్క ఊరి వల్ల అయ్యేది కాదు. అంతకుముందు మా మూడూళ్ళ మేయర్లు ఎవరైనా చచ్చిపోతే తప్ప ఒకే బల్ల మీద కూర్చున్నవాళ్ళు కారు. అలాంటివాళ్ళు దాహానికి తలవంచి ఉమ్మడి సంఘం పెట్టారు.

నీళ్ళతో ఆగలేదు సంఘం. ఒక పెద్ద పటం గీయించి గోడకు తగిలించారు. ఊట పైన ఎక్కడిదాకా కాఫీ కోసం చెట్లు కొట్టకూడదో ఆకుపచ్చ గీత. కొత్త ఇళ్ళు ఎక్కడ కట్టుకోవచ్చో, మూడూళ్ళ చెత్త కలిపి ఎక్కడ పూడ్చాలో, వచ్చే పదేళ్ళలో ఏ ఊరికి ఏ ట్యాంకు రావాలో అన్నీ ఆ పటంలో ఉన్నాయి. ఆ ఆకుపచ్చ గీత మొత్తం హిగేరాస్ నేలమీదే పడింది. వాళ్ళ రైతులు ఆ గీత దాటి కాఫీ వేయబోమని వేలిముద్రలు వేశారు. మూడు వందల గడపల చిన్న ఊరు, మిగతా రెండూళ్ళ కోసం అంత వదులుకుంది.

ఇక ఎవరికెంత నీరు అన్న దగ్గర నేను లేచాను. లేవకపోయినా బాగుండేది. మాకు తొమ్మిది వందల ఇళ్ళు, ఎల్ తబ్లోన్‌కు ఆరు వందలు, హిగేరాస్‌కు మూడు వందలు. బోర్డు మీద సుద్దముక్కతో రాసి చూపించాను. నూట యాభై గడపలకు ఒక అంగుళం. అంటే ఊట నీళ్ళు మూడూళ్ళకూ చీలే పంపకాల తొట్టి నుంచి మాకు ఆరంగుళాల పైపు, ఎల్ తబ్లోన్‌కు నాలుగు, హిగేరాస్‌కు రెండు. అందరూ చప్పట్లు కొట్టారు. రోసెందో గారు నన్ను కౌగలించుకున్నాడు. సంఘం పిలిపించిన ఇంజనీరు ఇచ్చిన కాగితంలో ఆ తొట్టి దగ్గర వేరే ఏదో గీసి ఉంది. గోడ పైఅంచులో వరుసగా కోసిన గంట్లు, లోపల ఇంకో గోడ. ఇంజనీరు అప్పటికే రాజధానికి వెళ్ళిపోయాడు. ఊరికే సిమెంటు దండగ అని, మాస్టారి లెక్క ఉండగా గంట్లెందుకని తొట్టిని మేమే మార్చి కట్టుకున్నాం.

నీళ్ళొచ్చాయి. మా ట్యాంకు మూడో రోజుకే నిండి, పై గొట్టం నుంచి బయటికి పొంగడం మొదలుపెట్టింది. ఆ పొంగు చూడ్డానికి జనం పిల్లాజెల్లాతో కొండెక్కారు. చుట్టాలు వస్తే ముందు గుడి చూపించి, తర్వాత ట్యాంకు పొంగు చూపించేవాళ్ళం. లారీలవాళ్ళు దాని కింద బండ్లు కడుక్కునేవాళ్ళు. మెలీ ఉండే పై వాడలో మొట్టమొదటిసారి మధ్యాహ్నం పూట కూడా కుళాయి తిప్పితే నీళ్ళు పడ్డాయి. ఆమె పెద్దకూతురు వీధిలో నిలబడి మరీ జుట్టు కడుక్కుంది, అందరూ చూడాలని.

హిగేరాస్ నుంచి మాత్రం ఫిర్యాదులు వస్తూనే ఉన్నాయి. రెండు రోజులకోసారి, అదీ గంటసేపు వస్తున్నాయని. మొదట్లో నవ్వుకున్నాం. తర్వాత విసుక్కున్నాం. అక్కడి ఫిట్టరు ఫిదెన్సియో అరవై దాటిన మనిషి, కాస్త నత్తి. సంఘం సమావేశానికి వచ్చి ఏదైనా చెప్పబోతే మాట తడబడేది. పైపు ఎక్కడో కారుతోంది, ఈ ముసలాడికి కనబడడం లేదు అన్నారు కొందరు. కాఫీ గింజలు కడిగేవాళ్ళకు చాటుగా నీళ్ళు వదులుతున్నాడు అన్నారు ఇంకొందరు. ఆ రెండో మాట అన్నవాళ్ళలో నేనూ ఉన్నాను. నా లెక్క తప్పని నాకు తోచలేదు మరి. మనిషి తప్పని తోచింది.

అక్టోబరులో పంపకాల తొట్టి కడిగే వంతు మా ఊరిది. మెలీ వెళ్ళింది. తొట్టి కింద మూడు పైపుల జాయింట్లు విప్పి ఉన్న సమయంలో ఆమెకొక ఆలోచన వచ్చిందట. సిమెంటు కలపడానికి వాడిన రెండు వందల లీటర్ల డ్రమ్ము అక్కడే పడి ఉంది. దాన్ని ఒక్కో పైపు కింద పెట్టి, చేతి గడియారం చూస్తూ నింపింది. మరుసటి రోజు పొద్దున రొట్టెల బుట్టతో మా ఇంటికి వచ్చి, గుమ్మంలోనే నిలబడింది.

"మాస్టారూ, ఆరంగుళాల పైపుకి మూడంగుళాల పైపు ఎంత?"

"సగం," అన్నాను, కాఫీ కలుపుకుంటూ.

"మరి రెండంగుళాలది?"

"మూడో వంతు. ఏంటమ్మా పొద్దున్నే పరీక్ష పెడుతున్నావ్?"

"మన పైపు డ్రమ్ము నింపడానికి ఇరవై రెండు సెకన్లు పట్టింది. మీ లెక్క ప్రకారం హిగేరాస్ పైపుకి ఒక నిమిషం, ఇంకో ఆరేడు సెకన్లు పట్టాలి. పట్టింది మూడు నిమిషాల ఇరవై సెకన్లు. మూడుసార్లు పట్టి చూశాను."

"పైపులో చెత్త ఉండుంటుంది."

"నేనే కడిగాను మాస్టారూ. నా చేత్తో తుడిచాను."

"ఆరుని రెండుతో భాగిస్తే మూడు. మూడో తరగతి పిల్లాడికి కూడా తెలుసు," అన్నాను. నా గొంతు లేచింది.

"డ్రమ్ముకి తెలీదుగా," అంది మెలీ. రొట్టెలు లెక్కపెట్టి గట్టు మీద పెట్టి వెళ్ళిపోయింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. మధ్యాహ్నం కోపం చల్లారాక కాగితం తీసి, రెండు గుండ్రాలు గీసి, వాటి లోపల గళ్ళు వేసి లెక్కపెట్టాను. గుండ్రం లోపలి వైశాల్యం అనే పాఠాన్ని నేను ఆరో తరగతికి ముప్పైసార్లు చెప్పి ఉంటాను. బోర్డు మీద చెప్పినదాన్ని పైపు మీద పెట్టి చూడలేదు ఎప్పుడూ. వెడల్పు మూడు రెట్లయితే లోపల పట్టేది తొమ్మిది రెట్లు. హిగేరాస్‌కు మూడు వందల ఇళ్ళకు రావాల్సిన దాంట్లో సగం కూడా పోవడం లేదు. మా ట్యాంకు పొంగి లారీల మీద పడుతున్నది వాళ్ళ నీళ్ళు.

సాయంత్రం మెలీ ఇంటికి వెళ్ళాను. తప్పు ఒప్పుకుంటానని వెళ్ళాను గానీ, వెళ్ళి చెప్పింది మాత్రం వేరు. "చూడమ్మా, నువ్వు చెప్పింది నిజమే కావచ్చు. కానీ జనవరి దగ్గర పడుతోంది. ఊరి ఫిట్టరువి నువ్వు. ఊరి నీళ్ళు తగ్గించమని నువ్వే అంటే చేతులెవరు ఎత్తుతారు? ముందు ఎన్నిక కానీ. తర్వాత మెల్లగా నేనే చూస్తాను."

ఆమె పెనం మీది రొట్టె తిప్పి అంది. "నవంబరు సమావేశంలో ఫిదెన్సియో బాబాయిని తీసేస్తున్నారట కదా."

"అనుకుంటున్నారు."

"దొంగ అని రాసి తీసేస్తారా, ఊరికే తీసేస్తారా?"

మినిట్స్ రాసేది నేనే కదా.

"మా వాడ అందరికంటే ఎత్తు," అంది ఆమె. "నీళ్ళు తగ్గితే ముందు ఎండేది నా కుళాయే. అది నాకు తెలుసు. మీరు భయపడుతున్నారని నాకు కోపం లేదు మాస్టారూ. నాకూ భయంగానే ఉంది."

నవంబరు సమావేశం ఎల్ తబ్లోన్ సంత షెడ్డులో పెట్టారు. మూడూళ్ళ నుంచి మూడు వందల మంది దాకా వచ్చారు. రోసెందో గారు మళ్ళీ మేయరు అయ్యాడు అప్పటికి, ఆయనే అధ్యక్షుడు. మొదటి అంశం ఫిదెన్సియో. అది మొదలుకాక ముందే హిగేరాస్ మేయరమ్మ లేచి నిలబడింది. చేతిలో మడిచిన కాగితం ఉంది.

"మా ఫిట్టర్ని తీసేయడానికి మీరెవరు? మీకంత కష్టం అక్కర్లేదు. మేమే తప్పుకుంటాం," అంది. "ఉమ్మడి సంఘం నుంచి మా ఊరు బయటికొస్తోంది. ఆ ఆకుపచ్చ గీత చెరిపేయండి. అడవి కాపలా కాసి గొంతెండబెట్టుకునే ఓపిక మా వాళ్ళకు అయిపోయింది. ఆ నేలలో కాఫీ వేసుకుంటారు."

అడవి పోతే ఆ ఊట నాలుగేళ్ళు కూడా నిలవదని అక్కడున్న ప్రతి రైతుకూ తెలుసు. గోడ మీది పటం, రెండేళ్ళ చాకిరీ, మూడూళ్ళ పేర్లు ఒకే కాగితం మీద ఉండడం, అన్నీ ఆ మడత కాగితంతో పోతాయి. రోసెందో గారు ముఖం గంటు పెట్టుకుని ఏదో అనబోయాడు.

అప్పుడు మెలీ లేచింది. సంచిలోంచి గిన్నెడు రుబ్బిన పిండి తీసింది. దానితో పాటు జానెడు జానెడు కోసిన మూడు పైపు ముక్కలు, ఆరంగుళాలది, నాలుగంగుళాలది, రెండంగుళాలది. ఒక గాజు సీసా. అధ్యక్షుల బల్ల మీది కాగితాలు పక్కకు జరిపి ప్లాస్టిక్ గుడ్డ పరిచింది.

"ఇదేంటి మెలీ, అంగట్లో కొట్టు పెడుతున్నావా?" అన్నాడు రోసెందో గారు. మా ఊరివాళ్ళు నవ్వారు.

"ఆకలేసిన వాళ్ళకి చివర్లో పెడతాను," అంది ఆమె. తల కూడా ఎత్తలేదు.

రెండు పక్కలా రెండు సన్న బద్దలు పెట్టి, వాటి మీదుగా సీసా దొర్లించి పిండిని పరిచింది. ఎక్కడా లావు, పలచన తేడా లేకుండా. ఆరంగుళాల పైపుతో అదిమి ఒక గుండ్రం కోసింది. మిగతా పిండిని తీసి గిన్నెలో వేసేసింది. బల్ల మీద ఆ ఒక్క గుండ్రమే మిగిలింది.

"ఇది సాన్ హసింతో రొట్టె," అంది. "హిగేరాస్ పైపుతో దీంట్లోంచి ఎన్ని రొట్టెలు వస్తాయో చెప్పండి."

"మూడు," అన్నారు ముందు వరుస మగవాళ్ళు. సంఘం సభ్యులంతా అక్కడే కూర్చున్నారు.

వెనక వరుసల్లో ఆడవాళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. వాళ్ళలో ఒక్కరు కూడా మూడు అనలేదు.

మెలీ ఆ గుండ్రాన్ని మళ్ళీ ముద్ద చేసింది. అవే బద్దల మధ్య అదే సీసాతో పరిచి, రెండంగుళాల పైపుతో కోయడం మొదలుపెట్టింది. ఒకటి. రెండు. మూడు. మూడు దాటాక ముందు వరుసలో ఎవరో దగ్గారు. నాలుగు, అయిదు, ఆరు. అంచు ముక్కలు కలిపి మళ్ళీ పరిచింది. ఏడు, ఎనిమిది. చివరి ముక్కల్ని వేళ్ళతో పోగుచేసి పరిస్తే సరిగ్గా ఇంకొకటి వచ్చింది. అప్పటికి వెనక వరుసలన్నీ గట్టిగా లెక్కపెడుతున్నాయి. తొమ్మిది అని అందరూ ఒక్కసారే అన్నారు.

"వాళ్ళకు మూడు వందల ఇళ్ళు, మనకు తొమ్మిది వందలు," అంది మెలీ. "వాళ్ళు ఒక రొట్టె తింటే మనం మూడు తినాలి. తొమ్మిది తింటున్నాం. ఫిదెన్సియో బాబాయి పైపులో కన్నం లేదు. నేను వాళ్ళ ట్యాంకు దాకా నడిచి చూసి వచ్చాను."

ఎల్ తబ్లోన్ సంతలో బీన్సు అమ్మే ఒక ముసలమ్మ కూర్చున్న చోటు నుంచే అంది. "ఇది తెలియడానికి రెండేళ్ళు పట్టిందా నాయనా మీకు? ఇంట్లో ఒక్కరోజైనా పొయ్యి దగ్గర కూర్చుంటే సరిపోయేది."

రోసెందో గారి మెడ ఎర్రబడింది. "అసలు నువ్వు ఏ ఊరి మనిషివి మెలీ? జీతం ఎవరిది తింటున్నావ్?"

"సాన్ హసింతోది," అంది ఆమె. "ఆ జీతం సరిగ్గా కొలవమని ఇస్తున్నారనుకున్నాను. తక్కువ కొలిచి నోరు మూసుకోమని ఇస్తున్నారని ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే తీసుకునేదాన్ని కాదు."

నేను అప్పుడు లేచాను. "తప్పు ఆమెది కాదు, ఫిదెన్సియోది కాదు. ఆ అంగుళాల లెక్క నాది. మూడూళ్ళకూ తప్పు పాఠం చెప్పాను," అన్నాను. కూర్చున్నాను.

మెలీ దగ్గర ఇంజనీరు పాత కాగితం కూడా ఉంది. ఆ గంట్ల గోడ ఎందుకో ఆమెకు అర్థమైంది. ఒకే గోడ, ఒకే ఎత్తు, ఒకే వెడల్పు గంట్లు ఆరు. మూడు గంట్ల నీళ్ళు మాకు, రెండు ఎల్ తబ్లోన్‌కు, ఒకటి హిగేరాస్‌కు. ఊటలో నీరు పెరిగినా తగ్గినా ముగ్గురికీ అదే వంతు. చదువు రానివాడు కూడా వెళ్ళి వేలు పెట్టి చూసుకోవచ్చు. ఆ గోడ కట్టాలనీ, ఆ వంతు నీళ్ళు పట్టేలా హిగేరాస్‌కు మొదటి రెండు కిలోమీటర్లు మూడంగుళాల పైపు వేయాలనీ తీర్మానించారు. రోసెందో గారు చెయ్యి ఎత్తాడు, అందరికంటే చివర. మేయరమ్మ మడిచిన కాగితాన్ని తన సంచిలో పెట్టుకుంది. ఫిదెన్సియో మెలీ ముందుకొచ్చి టోపీ తీశాడు. ఆ తొమ్మిది చిన్న గుండ్రాలనూ సంతలో ఎవరిదో పెనం మీద కాల్చి, ఉప్పు రాసి ఆమె ఆయనకే పెట్టింది.

జనవరిలో బడి హాలు నిండింది. ఫిట్టరు పేరు చదివాను. ఎవరి పేరైతే చదువుతామో వాళ్ళు బయట నిలబడాలన్నది మా రివాజు. మెలీ బయటికి వెళ్ళింది. ఉంచాలనే వాళ్ళు నూట అరవై నాలుగు. తీసేయాలనే వాళ్ళు రెండు వందల ముప్పై ఒకటి. ఎత్తిన ఆ చేతుల్లో ఆమె రొట్టెలు తినని చెయ్యి ఒక్కటీ లేదు. బయటికి వెళ్ళి నేనే చెప్పాను. ఆమె నడుముకున్న తాళాల గుత్తి విప్పింది, పెద్ద పైపు రెంచీ నా చేతిలో పెట్టింది. "రెంచీకి నెలకోసారి నూనె రాయమనండి, తుప్పు పడుతుంది," అంది. ఆ రోజు నుంచి ఆమె బుట్టలో రొట్టెలు సగం మిగిలిపోయేవి.

ఫిబ్రవరిలో గంట్ల గోడ లేచింది. మా ట్యాంకు పొంగడం ఆగిపోయింది. మార్చి ఎండలకు పై వాడలో నీళ్ళు పొద్దున అరగంట వచ్చి పోయేవి. ఊరికి సరిపడా నీళ్ళున్నాయి, పై వాడ ఎత్తులో నిలవ చేసే ట్యాంకే లేదు. ఆ వాడ ఆడవాళ్ళు బిందెలు పట్టుకుని కిందికి దిగుతూ మెలీకి వినబడేలా సణిగేవాళ్ళు. ఆమె కూడా బిందె పట్టుకుని వాళ్ళ వెనకే దిగేది. అన్నీ వినేది. నేను ఆ దారిన పోవాల్సి వస్తే వీధి మార్చి పోయేవాణ్ణి, ముఖం చెల్లక.

ఏప్రిల్‌లో ఒక సోమవారం పొద్దున్న కొండ దారిలో జనం వస్తున్నారు. ముందు ఫిదెన్సియో, వెనక అరవై నలుగురు, భుజాల మీద గునపాలు, పారలు. హిగేరాస్ నుంచి నాలుగు గంటల నడక. సాన్ హసింతో పై వాడకు చిన్న ట్యాంకు కట్టాలని ఉమ్మడి సంఘంలో ప్రతిపాదన పెట్టింది హిగేరాస్. పటంలో ఆ ట్యాంకు ఆరేళ్ళ తర్వాత రావాల్సింది. హిగేరాస్ తన ట్యాంకు వంతును వెనక్కి జరుపుకుని దీన్ని ముందుకు తెచ్చింది. పైపులు సంఘం గోడౌన్ నుంచి వచ్చాయి. ఇదంతా నాకు ముందే తెలుసు, కాగితం రాసింది నేనే. మెలీకి మాత్రం చెప్పొద్దన్నారు.

ఆమె గుమ్మంలోకి వచ్చి నిలబడింది. చేతులకు పిండి ఉంది. ఫిదెన్సియో తడబడుతూ అన్నాడు. "మీ... మీ కుళాయికి నీళ్ళు రావట్లేదట కదమ్మా. పైపు... కారుతోందేమో చూద్దామని వచ్చాం."

మెలీ నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది. తర్వాత మోచేత్తో ముఖం తుడుచుకుని, "ఇంత మంది వస్తున్నట్టు ముందే చెప్పొద్దూ? బీన్సు ఒక్క కుండే పొయ్యి మీద ఉంది," అని లోపలికి పరిగెత్తింది.

వాళ్ళు తవ్వడం మొదలుపెట్టారు. మా ఊరివాళ్ళు తలుపుల వెనక నుంచి చూశారు. ఒక గంట అలాగే చూశారు. పరాయి ఊరివాళ్ళు మన వీధిలో మన కోసం చెమటోడుస్తుంటే ఎంతసేపని లోపల కూర్చుంటారు? మొదట మెలీ ఎదురింటి ఆమె వచ్చింది, కొడవలి తీసుకుని కంప కొట్టడానికి. ఆ తర్వాత నలుగురు, పదిమంది. మధ్యాహ్నానికి నూటయాభై మంది పైనే ఉన్నాం. నేను కూడా పార పట్టాను. పట్టినంత మాత్రాన ఏం చేయగలను, మట్టి కాళ్ళ మీదే పోసుకున్నాను. ఎండ చల్లబడే వేళ రోసెందో గారు గునపంతో వచ్చాడు. గంటసేపు తవ్వాడు.

పని ఆపాక ఆయన మెలీ దగ్గరకు వెళ్ళాడు. "తాళాలు రేపు తెప్పిస్తాను. నువ్వే చూసుకో," అన్నాడు.

"జనవరిలో చేతులెత్తి తీసేశారు కదా రోసెందో గారూ. ఇవ్వాలంటే జనవరిలో చేతులెత్తే ఇవ్వండి," అంది. "అప్పటిదాకా హిగేరాస్‌లో బాబాయికి తోడు వెళ్తున్నాను. వాళ్ళ కొత్త పైపుకి కవాటాలు పెట్టాలి." అని గోతిలోకి వంగి చూసి, "ఇది లోతు చాలదు. లారీ ఎక్కితే పగులుతుంది. ఇంకో జానెడు తవ్వండి," అంది. మేయరు మళ్ళీ గునపం అందుకున్నాడు.

ఆ ఏడంతా ఆమె వారానికి మూడు రోజులు నాలుగు గంటలు నడిచి హిగేరాస్ వెళ్ళింది. మా పై వాడకు నీళ్ళొచ్చాయి. ఆకుపచ్చ గీత ఉన్నచోటే ఉంది. కొత్తగా పెట్టుకున్న ఫిట్టరు మంచి కుర్రాడే గానీ, కవాటం తిప్పాలంటే ఎటు తిప్పాలో మెలీని అడిగి వచ్చేవాడు. తనే తప్పుకుంటానని డిసెంబరులో కాగితం ఇచ్చాడు.

జనవరి రెండో ఆదివారం. హాలు కిటకిటలాడింది. మెలీ పేరు చదివాను. ఆమె లేచి బయటికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసింది. పెట్టాలనే వాళ్ళు చేతులెత్తండి అన్నాను. ఎత్తారు. వరుసల వెంట లెక్కపెట్టుకుంటూ నాలుగో వరుస దాకా వచ్చాను. అక్కడ ఆగిపోయాను. ఎటు చూసినా చేతులే. కళ్ళ ముందు అంతా అలుక్కుపోయింది. నలభై ఏళ్ళలో ఒక్కసారి కూడా లెక్క మధ్యలో వదిలినవాణ్ణి కాను. ఆ రోజు వదిలేశాను. వెళ్ళి తలుపు తీశాను.

"రా అమ్మా," అన్నాను. "నువ్వే."

"ఎన్ని?" అంది.

"చాలా. అందరూ ఎత్తారు. లెక్క అందలేదు నాకు."

మెలీ గుమ్మంలోనే నిలబడింది, లోపలికి అడుగు పెట్టలేదు. "చాలా అని రాస్తారా మినిట్స్‌లో? మళ్ళీ లెక్కపెట్టండి మాస్టారూ. నేను ఇక్కడే ఉంటాను."

తలుపు మళ్ళీ వేసింది. నేను వెనక్కి వచ్చి కళ్ళద్దాలు తుడుచుకుని, చేతులు దించొద్దని అందరికీ చెప్పి, మొదటి వరుస నుంచి మళ్ళీ మొదలుపెట్టాను. మూడు వందల తొంభై ఆరు. అదే రాశాను.